పెరట్లో తీగలకు కట్టె పందిరి దండగేనా?

పెరడు_అనంతపురం:
ఇంటి వెనక గోడకు జానెడు ఎడంగా, పదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తున కట్టె చట్రం చేయించాలని ఉంది. ఒకవైపు బీర, కాకర, ఇంకోవైపు సన్నజాజి. మా ఆయనేమో "చెదలకు విందు పెట్టినట్టే, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపులు వెల్డింగ్ చేయిద్దాం" అంటారు. ఆచారి మాత్రం టేకుకు ఢోకా లేదంటాడు. ఎవరి మాట వినాలి?

వెల్డింగ్_కడప:
మీ ఆయన మాటే కరెక్ట్ అక్కా. మా వీధిలో సర్వి (సరుగుడు) కట్టెలతో పందిరి వేశారు. చూడ్డానికి బాగానే ఉండింది, పట్టుకుని ఊపితే నేల దగ్గర పుటుక్కున విరిగింది. లోపలంతా మట్టి. పైపు అయితే ఒకసారి పాతి మర్చిపోవచ్చు.

మిద్దెతోట_కర్నూలు:
మర్చిపోవచ్చా? మే నెల మధ్యాహ్నం ఆ పైపు మీద చెయ్యి పెట్టి చూడన్నా. లేత తీగ దాన్నెట్లా పట్టుకుంటుంది?

వెల్డింగ్_కడప:
పైపును ఎవరు పట్టుకోమన్నారు? మధ్యలో కొబ్బరి తాళ్లు కడతాం. ఆకు కమ్మాక పైపు మీద ఎండెక్కడిది?

కూసం_ప్రొద్దుటూరు:
కట్టె మొత్తం ఒకేలా పాడవదు. నేల మట్టం దగ్గర, తేమా గాలీ రెండూ తగిలే ఆ జానెడు మేరే ముందు కుళ్లుతుంది. చెదలు కూడా నేలలోంచే ఎక్కుతాయి. ఆ జానెడు తప్పిస్తే సగం టెన్షన్ పోయినట్టే.

మన సీమలో రాతి కూసాలకు, అదే నేలలో పాతే రాతి స్తంభాలకు, కరువా? మూడడుగుల కూసం తీసుకుని రెండడుగులు పాతండి. పైకి మిగిలిన అడుగుకు కట్టెను బోల్టుతో గానీ, లావు జీఐ తీగతో గానీ బిగించండి. కట్టె కొస నేలకు నాలుగు వేళ్ల ఎత్తులో ఉండాలి. చెదలు రాయి మీదుగా రావాలంటే మట్టి గొట్టం కట్టుకోక తప్పదు. అది కంటికి కనిపిస్తుంది, పుల్లతో గీకేస్తే సరి. పాతిన కట్టెలో ఆ వీలు లేదు, లోపల్లోపలే తినేస్తాయి. నాపబండ ముక్క వాడితే మాత్రం అంచు దగ్గర డ్రిల్లు పెట్టకండి, పొరలు లేచిపోతుంది.

ఇక టేకు అనగానే మురిసిపోవద్దు. చెదలను తట్టుకునేది చేవ, అంటే నడిమి ముదురు చెక్క, ఒక్కటే. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ఆ గుణం లేదు. అడితిలో కొస చూపించమనండి: నడుమ ముదురు గోధుమ రంగు, అంచున లేత పసుపు. లేత చెట్టు టేకులో ఆ పసుపే ఎక్కువ.

మిద్దెతోట_కర్నూలు:
కాలిన ఇంజిన్ ఆయిల్ పూస్తే చవకలో అయిపోదా?

కూసం_ప్రొద్దుటూరు:
కూరగాయల పక్కన వద్దు. వానకు కారి మట్టిలోకే దిగుతుంది. అవిసె నూనె పూయండి, ఏటా ఓపిక ఉంటే.

తీగమల్లి_కడప:
చెక్క గొడవలో పడి తీగల సంగతే మరిచారు. బీర, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి తాడో, పెన్సిలంత పుల్లో కావాలి. రెండంగుళాల పట్టీ చూపిస్తే అందక కింద పాకుతాయి. సన్నజాజికి కాడే చుట్టుకుంటుంది, దానికి పట్టీ అయినా పర్లేదు. పైగా బీర కొన్ని నెలల్లో అయిపోతుంది, ఎండిన తీగను పీకాలి. జాజి ఏళ్ల తరబడి ఉంటుంది. రెండింటినీ ఒకే చట్రానికి ఎక్కిస్తే బీర లాగేటప్పుడు జాజి కొమ్మలు విరగవా?

వెల్డింగ్_కడప:
కూసాలు, చేవ టేకు, బోల్టులు, ఏటా నూనె... లెక్క కడితే నా పైపే చవక.

కూసం_ప్రొద్దుటూరు:
పైపుకూ వెల్డింగ్ చేసిన చోట జింకు పూత కాలిపోతుంది కదన్నా. ప్రైమర్ కొట్టకపోతే తుప్పు అక్కడే మొదలు. ఆ ఖర్చు కూడా రాయి మరి.

పెరడు_అనంతపురం:
బీర, కాకరకు విడిగా తాళ్లే కడతాను. జాజికి మాత్రం కట్టె చట్రమే, కూసాల మీద. మా ఆయన ఇంకా ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. జూన్, జూలై గాలులకు ఆరడుగుల చట్రం ఒరక్కుండా వెనక గోడకు క్లాంపులు వేస్తే చాలా, ఊతకర్రలు కూడా కావాలా?