తేలిక రివాల్వర్ పేలిస్తే నడిమివేలి కణుపుకు దెబ్బ

చెన్నైలో లైసెన్సు రివాల్వర్‌తో రెండు వారాలకోసారి షూటింగ్ రేంజికి వెళ్తున్నాను. .32 కాలిబర్ (గొట్టం లోపలి వ్యాసం కొలత), ఆరు తూటాలది, బరువు సుమారు 500 గ్రాములు. రెండో విడత తూటాలు నింపేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మండుతుంది. ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) వెనుక అంచు ప్రతిసారీ నడిమివేలి కణుపుపై ఠక్కున తగిలి ఎర్రగా కందిపోతుంది. నొప్పి రెండు రోజులుంటుంది. చిన్న కాలిబరే కదా అని తోటివారు నవ్వుతారు గానీ, అదే తూటాను కిలో బరువు రివాల్వర్‌లో పేలిస్తే నాకేమీ కాదు. తుపాకి తేలికైనకొద్దీ అది వెనక్కి తన్నే దెబ్బ చేతికే ఎక్కువగా వస్తుంది మరి.

పిడిని ఇంకా పైకి పట్టుకున్నాను, బిగించి చూశాను, తోలు గ్లౌజు వేసుకున్నాను. మంట తగ్గింది, కణుపు దెబ్బ తగ్గలేదు. పైగా ఈ ఊరి చెమటకు పట్టు జారుతోంది.

ట్రిగ్గర్ గార్డు వెనుక ఖాళీని నింపే రబ్బరు పిడి వాడినవారికి కణుపు నొప్పి నిజంగా తగ్గిందా?