అప్‌డేట్: డ్యూటీ, పిల్లల మధ్య ప్రార్థనకి సమయం

అందరికీ వందనాలు. విజయనగరం నుంచి రోజూ రైల్లో విశాఖ డ్యూటీకి వెళ్తూ, ఇంట్లో ఇద్దరు పిల్లలతో ప్రార్థనకి, వాక్యానికి సమయం ఎలా అని ఇంతకుముందు అడిగాను కదా, తర్వాత ఏమైందో చెప్తాను. తెల్లవారుజామునే లేవమన్నవాళ్ల మాట నిజమే, మార్కు సువార్త 1:35లో యేసు ప్రభువు కూడా ఇంకా చీకటి ఉండగానే లేచి ఏకాంతంగా ప్రార్థించాడు, కానీ ఆ టైములో నాకు క్యారేజీలు, నీళ్లు పట్టడం, చంటిదాని ఏడుపు. రైల్లో కీర్తనలు చదవమన్న అక్క సలహానే కుదిరింది. సీటు దొరికినా దొరక్కపోయినా అలమండ, కొత్తవలస దాటేలోపు ఒకటి అయిపోతుంది. 117వ కీర్తన అయితే 2 వచనాలే. 119వది 176 వచనాలు, కానీ అది 8 వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంటుంది కాబట్టి రోజుకో భాగం తీసుకున్నాను, అసలు దాన్ని అలా నెమ్మదిగా చదివితేనే మనసుకి పడుతుందని నా అభిప్రాయం. రాత్రి అన్నాలయ్యాక కుటుంబ ప్రార్థన. చిన్నదే. అత్తయ్య గారు పాట ఎత్తుకుంటారు, పెద్దోడు ప్రార్థన చేస్తాడు. ఆదివారం డ్యూటీ పడితే ఆరాధన పోతోంది, ఆ బాధ అలాగే ఉంది. పాస్టరు గారు శుక్రవారం ఉపవాస ప్రార్థనకి రమ్మన్నారు, రైలు టైముకి వస్తే వెళ్తున్నాను. ఆదివారం షిఫ్టులు ఉన్నవాళ్లు మీరేం చేస్తున్నారో చెప్పండి.