భోషాణంలో దొరికిన గుండ్రటి ముక్కలు: ఇది ఏ ఆట?

పొదిలి మనవడు:
అమ్మమ్మ ఇల్లు ఖాళీ చేస్తుంటే భోషాణం అడుగున రంగుల చెక్కపెట్టె దొరికింది. లోపల అరచేతిలో ఇమిడే గుండ్రటి ముక్కలు 113. కొన్నిటిపై చేపలు, కొన్నిటిపై తాబేళ్లు, గొడ్డళ్లు. వెనుక అన్నిటికీ ఒకే ఎరుపు. నాలుగు ఫ్రేము కట్టించి మిగతావి అమ్మేద్దామని మా పెద్దమామయ్య పట్టు. ఇవి పేకముక్కలేనా? అయితే ఇస్పేటు, ఆఠీను ఎక్కడ?

డ్రాయింగ్ మాస్టారు, కావలి:
ముందు ఆ పెట్టె మీ మామయ్యగారి చేతికి అందకుండా దాచండి.

అవి పేకముక్కలే, పాతకాలపు దశావతార గంజిఫా పేక. ఇస్పేటు, ఆఠీనులకు బదులు పది అవతారాలే పది రంగులు, రంగుకు 12 చొప్పున 120 ముక్కలు. మీకు ఏడు తక్కువ. మండపంలోనో రథంలోనో కూర్చున్న మూర్తి రాజు, గుర్రమెక్కినవాడు సాధారణంగా మంత్రి. మిగతా పదింటికీ అంకెలుండవు, చేపలు లెక్కపెట్టుకోవలసిందే. సగం రంగుల్లో మంత్రి తరువాత పది పెద్దది, మిగతా సగంలో ఒకటి పెద్దది. ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. తురుపు లేదు. పగలైతే రాముడు, రాత్రయితే కృష్ణుడు ఎవరి చేతికొస్తే వారిదే మొదటి ఎత్తు.

అంచు చెదిరిన ముక్కను భూతద్దంలో చూడండి, గుడ్డ పొరలు కనిపిస్తాయి. నూలుగుడ్డను చింతగింజల జిగురుతో పొరలుగా అతికి, సుద్ద పూసి, రాతితో నున్నగా రుద్ది, ఆపైన బొమ్మ వేసి లక్క పట్టిస్తారు. తడిబట్ట తగిలిందో, అంతే సంగతులు! రాజులకు దంతపు ముక్కలు చేసేవారు, దాన్ని దర్బారు కలం అంటారు. మీది మామూలు జనానికి చేసిన బజారు కలం. నా ఓటు బజారుకే. నాలుగు గీతల్లో గుర్రాన్ని ఉరికించడం దర్బారు చిత్రకారుడికి అంత సులువు కాదు.

ఉదయగిరి కోట:
ఈ ఆట మొఘలులతో వచ్చింది. 1527లో బాబరు సింధు పాలకుడికి గంజిఫా పంపినట్లు తానే రాసుకున్నాడు. అక్బరు ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ వర్ణించిన 12 రంగుల పేకలో అశ్వపతి, గజపతి, నరపతి ఉన్నారు. గజపతి అంటే ఏనుగుల బలమున్న ఒడిశా రాజులాంటివాడట. ఆ గజపతుల నుంచే 1514లో కృష్ణదేవరాయలు మా కోట గెలుచుకున్నాడు. మా ఊరి శత్రువు అక్బరు పేకలో రాజై కూర్చోవడం నాకు భలే సరదా!

పొదిలి మనవడు:
మాస్టారూ, మావి ఎక్కడివో చెప్పగలరా?

డ్రాయింగ్ మాస్టారు, కావలి:
తొమ్మిదో అవతారం ఫొటో పెట్టండి. బుద్ధుడి స్థానంలో జగన్నాథుడుంటే ఒడిశా, బెంగాల్‌లోని బిష్ణుపూర్ వైపు చూడాలి. లేకుంటే మహారాష్ట్రలోని సావంత్‌వాడి, మైసూరు, మన నిర్మల్ ఉన్నాయి. ఈలోపు తగ్గిన ఏడింటికి దళసరి అట్ట కత్తిరించి, పెన్సిలుతో గుర్తు వేసుకుని ఆడండి, మామయ్యగారినీ కూర్చోబెట్టండి. పాత ముక్కల మీద మాత్రం రంగు దిద్దవద్దు.