అప్‌డేట్: మేడారం గదుల బుకింగ్ సైట్, సర్వర్ లెక్క తేలింది

రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్ జాతర రద్దీకి ఆగుతుందా అని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు కాగితం మీద లెక్కేశాను: 8 వర్కర్లు (వచ్చిన రిక్వెస్ట్‌లను ఒక్కొక్కటిగా అందుకుని పని చేసే ప్రాసెస్‌లు), ఒక్కో రిక్వెస్ట్‌కు 0.2 సెకన్లు, అంటే సెకనుకు గరిష్ఠంగా 40 రిక్వెస్ట్‌లు.

రాత్రి హన్మకొండలో ఇంటి నుంచే లోడ్ టెస్ట్ (ఉత్తుత్తి రద్దీ పంపి చూడటం) పెడితే సెకనుకు 24 దగ్గరే చతికిలపడింది. సీపీయూ చూస్తే సగం ఖాళీ! తీరా దొంగ దొరికింది డేటాబేస్ కనెక్షన్ పూల్‌లో, అంటే వర్కర్లు వంతులవారీగా వాడుకునే డేటాబేస్ కనెక్షన్ల గుంపులో. దాని పరిమితి 5. మిగతా మూడు వర్కర్లు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు క్యూలో ఉన్నాయి. 8కి పెంచాక 37 దాకా లాగింది.

ఒకేసారి సైట్‌లో వెయ్యి మంది అంటే సెకనుకు వెయ్యి రిక్వెస్ట్‌లనుకుని ఊరికే టెన్షన్ పడ్డాను. మనిషి అరనిమిషానికి ఒకసారి నొక్కితే వచ్చేది సెకనుకు 33 మాత్రమే. 37కి 33 అంటే అంచు మీదే ఉంది కాబట్టి గదుల ఫోటోలను సీడీఎన్‌కు (ఫోటోల్లాంటివి మన సర్వర్ బదులు తామే అందించే వేరే సర్వర్ల నెట్‌వర్క్) మారుస్తున్నా.