గండికోటలో లోయ అంచున పరిగెత్తే దారి ఉందా?

హైదరాబాద్‌లో ఉంటాం, వారాంతాల్లో అనంతగిరి అడవి దారుల్లో పరిగెత్తుతుంటాం. డిసెంబరులో గండికోట దగ్గర పెన్నా లోయ అంచు వెంబడి 12 నుంచి 15 కిలోమీటర్లు పరిగెత్తాలని ప్లాన్. ఉదయం ఆరింటికి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే ముగించాలి.

మొన్న వెళ్లి చూశాం. కోట లోపల జామా మసీదు, ధాన్యాగారం దాటాక అంచు దగ్గరంతా విరిగిపడిన ఎర్రబండలే. రెండు చేతులూ ఆనించి ఎక్కాలి, పరుగు మాట దేవుడెరుగు. ఉపగ్రహ మ్యాపులో కోట గోడ బయట సన్నటి గీత కనిపిస్తే దాన్ని పట్టుకుని వెళ్లాం. కాసేపటికి సర్కారు తుమ్మ పొదల్లో మాయమైంది (ఆ ముళ్లు షూ అడుగులోంచి దిగుతాయి, జాగ్రత్త). స్ట్రావా హీట్‌మ్యాప్‌లో (ఆ యాప్ వాడేవాళ్లు పరిగెత్తిన దారుల్ని గీతలుగా చూపే మ్యాపు) గీతలన్నీ వ్యూపాయింట్ దగ్గరే ఆగిపోయాయి. మేకలు కాసే ఒక పెద్దాయన మైలవరం జలాశయం వైపు కాలిబాట ఉందన్నారు గానీ, మొదలెక్కడో మాకు దొరకలేదు. జమ్మలమడుగు తారు రోడ్డు మీద పరిగెత్తే ఉద్దేశం లేదు, దానికి ఇంత దూరం రావడమెందుకు?

కోట నుంచి మైలవరం వైపు ఆ కాలిబాట మీద ఎవరైనా వెళ్లారా? వెళ్లుంటే, అది ఎక్కడ మొదలవుతుందో చెప్పగలరా?