గండికోట బ్యాక్‌వాటర్‌లో నాలుగైదు నెలల వేట: పడవకు తక్కువలో ఇన్సూరెన్స్ ఎట్ల?

పెన్నగట్టు (జమ్మలమడుగు వైపు):
అన్నలూ, 18 అడుగుల ఫైబర్ పడవ, పెట్రోల్ అవుట్‌బోర్డ్ (వెనక బయట బిగించే) ఇంజన్. రెండూ కలిపి ఇప్పటి ధరకు లక్షా యాభై వేలు. నీళ్లు బాగున్న నాలుగైదు నెలలే వేట, మిగతా కాలం సేద్యం. చేప జమ్మలమడుగులో అమ్మకం. సొసైటీ సభ్యత్వం, లైసెన్స్ రెండూ ఉండాయి. ఒక కంపెనీ సముద్రం బోట్లకే ఇస్తామనింది. ఇంకోచోట ఏడాది పొడవునా తిరిగే బోటుకు వేసినట్టు ప్రీమియం చెప్పినారు. ఏజెంటు ఒకాయన "సొంత వాడకం అని రాద్దాం, తగ్గుతుంది" అంటాండాడు. రాయొచ్చునా? తక్కువలో పోయే దారి ఏమైనా ఉందా?

హంద్రీ_వల (కర్నూలు):
అట్ల రాయించొద్దప్పా. చేప అమ్మితే అది వ్యాపార వాడకమే, నెల రోజులు అమ్మినా అంతే. పడవ పోయినాక సర్వేయర్ (నష్టం లెక్కగట్టే మనిషి) అడిగే మొదటి కాయితాలు లైసెన్స్, సొసైటీ రసీదులు. అవే నీకు ఎదురు సాక్ష్యం చెప్తాయి. క్లెయిమ్ కొట్టేస్తే ఏజెంటుకు పోయేదేమీ లేదు, ఫారం మీద సంతకం నీది. ఇంకొకటి, వారాంతాల్లో కోట చూడొచ్చినోళ్లను పడవెక్కించి తిప్పితే వేట పాలసీ దానికి పనికిరాదు. ప్రయాణికుల బోటుకు లైసెన్సు వేరు, ఇన్సూరెన్స్ వేరు.

ప్రీమియం తగ్గాలంటే అబద్ధం అక్కర్లేదు, నిజాన్నే వివరంగా రాయల్ల. ఏ నెలల్లో వేట, గండికోట జలాశయం దాటి పోదు, ఎక్కేది ఇద్దరు, రాత్రి పడవ యాడ కడతావు, ఇంజన్ విప్పి ఇంటికి తెస్తావా లేదా. ఇవి రాయకుంటే వాళ్లు గరిష్ఠ రిస్కే లెక్కేస్తారు. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్, ఈ నాలుగు ప్రభుత్వ కంపెనీల డివిజనల్ ఆఫీసుల్లో రాతపూర్వకంగా కొటేషన్ అడుగు. ఊర్లో చిన్న బ్రాంచీలో పడవ పాలసీ రాసే అలవాటు తక్కువ, అందుకే వెంటనే "లేదు" అంటారు.

ప్రతిచోటా రెండు రకాల కొటేషన్ తీసుకో: పడవ పూర్తిగా పోతేనే ఇచ్చేది ఒకటి, చిన్న డ్యామేజీకీ ఇచ్చేది ఒకటి. మొదటిది బాగా తక్కువకు వస్తుంది. ఫైబర్ చీలిక నువ్వే రెసిన్, మ్యాట్ పెట్టి అతికించుకోగలిగితే రెండోది దండగ, నా లెక్కలో.

మైలవరం_చేప:
పడవ కంటే ముందు మనిషి సంగతి చూడండి. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో గ్రూప్ ప్రమాద బీమా ఉంది. చనిపోయినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల వరకు. వయసు 18 నుంచి 70. ప్రీమియం కేంద్రం, రాష్ట్రం కడతాయి, మనం కట్టేది సున్నా. సొసైటీలో ఉన్నంత మాత్రాన పేరు జాబితాలో ఉంటుందని అనుకోవద్దు. గ్రామ మత్స్య సహాయకుడి దగ్గరికో, ఎఫ్‌డీఓ (మత్స్య శాఖ అభివృద్ధి అధికారి) దగ్గరికో పోయి పేరు, ఆధార్ నంబరు, నామినీ మూడూ కళ్లతో చూసుకోండి. నామినీ గడిలో చనిపోయిన తండ్రి పేరే ఉంటే ఇంట్లోవాళ్లు వారసత్వ సర్టిఫికెట్ కోసం తిరగాల్సి వస్తుంది.

దీనికి తోడు బ్యాంకులో సురక్షా బీమా, ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షలు. వేరే బీమా ఉన్నా ఇది అదనంగా వస్తుంది. జూన్ 1 నుంచి మే 31 వరకు లెక్క, కాబట్టి మే నెలాఖరుకు ఖాతాలో డబ్బుండాలి. ఈ రెండూ ప్రమాదానికే. పడవలో గుండెపోటు వస్తే రావు. దానికి ఏడాదికి 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా, చేరే వయసు 18–50.

లెక్కల_మాస్టారు (అనంతపురం):
హంద్రీ గారు చెప్పింది సరే గానీ, చిన్న డ్యామేజీకీ ఇచ్చే రెండో రకం తీసుకునేవాళ్లు ఒక లెక్క తెలుసుకోవాలి. ప్రీమియం తగ్గుతుందని లక్షన్నర పడవను లక్షకే ఇన్సూర్ చేస్తే కంపెనీ నష్టాన్ని కూడా మూడింట రెండు వంతులే లెక్కేస్తుంది. 30 వేల డ్యామేజీకి 20 వేలు వస్తుంది. అందులో ఎక్సెస్ (ప్రతి క్లెయిమ్‌లో మనమే భరించాల్సిన భాగం) 10 వేలు అని రాసుంటే చేతికొచ్చేది 10 వేలు. విలువ పూర్తిగా చూపించి, ఎక్సెస్ పెంచి ప్రీమియం తగ్గించుకోవడం మేలు.

ఇంజన్ నంబరు పాలసీ షెడ్యూల్‌లో విడిగా ఉండాలి. అవుట్‌బోర్డ్ బిగింపు వదులై నీళ్లలో పడిపోతే చాలా పాలసీలు ఇవ్వవు. ట్రాన్సమ్‌కు (ఇంజన్ బిగించే వెనక పలకకు) క్లాంపులతో పాటు బోల్టులు, ఒక సేఫ్టీ చైన్ తప్పనిసరి. మునిగిన తుమ్మమొద్దు తగిలితే ముందు ఊడేది ఇంజనే. నీళ్లలో వేసిన వలలు మామూలుగా కవర్‌లోకి రావు, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

వేట లేని నెలలకు కొంత ప్రీమియం వాపసు ఇచ్చే క్లాజు కొన్ని పాలసీల్లో ఉంటుంది. వరుసగా 30 రోజులు ఒడ్డున ఉంటేనే, అదీ ముందే ఉత్తరం ఇస్తేనే. క్లాజు లేకుంటే అడిగి పెట్టించుకోండి.

పెన్నగట్టు:
మంచిమాట. సొసైటీ మొత్తం కలిసి తీసుకుంటే? ఇంకా, వరదకు కొట్టుకుపోతే ఏం చూపించల్ల?

హంద్రీ_వల:
కలిసి అడిగితే బేరం కుదురుతుంది. ఒకటే ప్రపోజల్, వెనక పట్టికలో ప్రతి పడవకు యజమాని, పొడవు, తయారైన సంవత్సరం, ఇంజన్ నంబరు, విలువ. పాత పుట్టీలు, థర్మాకోల్ తెప్పలు ఆ పట్టికలో కలిపితే మొత్తానికే వద్దంటారు. ఫైబర్ పడవలే పెట్టండి. సెక్రటరీకి డబ్బిచ్చినంత మాత్రాన కవర్ మొదలు కాదు, కంపెనీకి ప్రీమియం చేరినాకే. రసీదు తేదీ చూడండి.

వరద మాటకొస్తే, 2021 నవంబర్‌లో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ తెగినట్టు నీళ్లు రాత్రికి రాత్రే వస్తాయి. పడవ ఫొటోలు, పక్కన ఇంజన్ నంబరు కనపడేట్టు, ఇప్పుడే తీసి మెయిల్‌లో వేసుకో. పోయిన రోజే కంపెనీకి ఫోన్, వెనకే మెయిల్. పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు, వీఆర్వోతో పంచనామా, ఎఫ్‌డీఓ లేఖ. ముక్కలు దొరికితే సర్వేయర్ చూసేదాకా కదిలించొద్దు. కొట్టుకుపోయే పడవను కాపాడటానికి ట్రాక్టర్, కూలీలకు పెట్టిన ఖర్చు రసీదులుంటే అడగొచ్చు.

మైలవరం_చేప:
కంపెనీ తిరస్కరిస్తే మొదట వాళ్ల గ్రీవెన్స్ సెల్‌కు రాయండి. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చింది నచ్చకున్నా హైదరాబాద్ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి పోవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, ఏడాది లోపల వేయాలి. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ వాళ్ల 155255 నంబరుకు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. తిరస్కరించిన ఉత్తరం అసలు ప్రతి దగ్గర పెట్టుకుని జిరాక్సే పంపండి.