1/72 స్పిట్‌ఫైర్ మార్క్ 8, 152 స్క్వాడ్రన్: చిరుత డెకాల్ కింద వెండి మెరుపు

ప్రశ్న (రెక్కలరాజు72)

రెండో ప్రపంచయుద్ధంలో బర్మాలో ఎగిరిన బ్రిటిష్ వైమానిక దళం (ఆర్‌ఏఎఫ్) 152 (హైదరాబాద్) స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం స్కేల్ మోడల్ (అసలులో 72వ వంతు) కడుతున్నా. రౌండెల్ (విమానం మీది గుండ్రటి గుర్తు) మీదుగా దూకే నల్ల చిరుత డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే బొమ్మ) ఆరాక, కాళ్ల సందుల్లో వెండిలా మెరుస్తోంది. కింద మ్యాట్ (మెరుపులేని) యాక్రిలిక్ పెయింటే ఉంది, గ్లాస్ కోట్ (నున్నగా మెరిసే వార్నిష్) వేయలేదు. పీకేయాలా? ఇంకో డౌటు: డెకాల్ షీట్‌లో రౌండెల్స్‌కి ఎరుపు లేదు, సైజూ మరీ చిన్నది, 5.6 మి.మీ. మార్క్ 5 కిట్‌లో మిగిలినవి వాడొచ్చా?

జవాబు (డెకాల్‌డబ్బా)

పీకకండి, కాళ్లు తెగుతాయి. మ్యాట్ పెయింట్ వేలికి నున్నగా తగిలినా, డెకాల్ ఫిల్మ్‌కి అది గరుకు కాగితమే. ఆ గుంటల్లో ఇరుక్కున్న గాలే మెరుపు. సన్న సూదితో మెరిసేచోట నాలుగైదు పోట్లు పొడిచి, మైక్రో సోల్ (డెకాల్‌ని మెత్తబరిచే ద్రవం) చుక్క బ్రష్‌తో అద్దండి. ఫిల్మ్ ముడతలు పడుతుంది, కంగారుపడి తాకారో చిరుత తోక చేతికొస్తుంది. దానంతటదే సర్దుకుంటుంది. పూర్తిగా ఆరాక ఇంకా మెరుస్తుంటే మళ్లీ అదే పని, రెండు మూడుసార్లు.

మిగతా డెకాల్స్‌కి ముందు గ్లాస్ రెండు పల్చటి కోట్లు వేసి 24 గంటలు వదిలేయండి. అంచు ఫిల్మ్ కొత్త బ్లేడుతో కోసేయండి. నీళ్లలో 10–15 సెకన్లు ముంచి, టిష్యూ మీద నిమిషం ఉంచితే కాగితం నుంచి జారుతుంది. అతికించే చోట ముందు మైక్రో సెట్ (డెకాల్ పట్టుకోవడానికి కింద రాసే ద్రవం), పైన సోల్. రెండో వైపు రౌండెల్ పూర్తిగా ఆరాకే చిరుతను ఎక్కించండి.

జవాబు (బర్మాఫ్రంట్)

ఎరుపున్న ఆ మార్క్ 5 రౌండెల్స్ ముట్టుకోవద్దు. జపాన్ విమానాల మీద ఎర్ర సూర్యబింబం ఉండేది. హడావిడిలో ఎరుపు కనబడితే సొంతవాళ్లే కాల్చే ప్రమాదం. అమెరికన్లు 1942 మేలోనే నక్షత్రం మధ్య ఎర్ర చుక్క తీసేశారు. బర్మా వైపు ఆర్‌ఏఎఫ్ కూడా ఎరుపు తీసేసి ముదురు నీలంలో లేత నీలం పెట్టింది, తోక మీది రంగుల పట్టీ గుర్తు (ఫిన్ ఫ్లాష్)లోనూ అంతే. ఆ రౌండెల్ మామూలుగా 16 అంగుళాలు: 16 × 25.4 ÷ 72 = 5.64 మి.మీ. మీ షీట్ కరెక్టే. మార్క్ 5 విమానం పక్కల మీది రౌండెల్ 36 అంగుళాలు, అంటే 12.7 మి.మీ.; రెక్క పైది 56, అంటే 19.8 మి.మీ.

అన్నట్టు, స్క్వాడ్రన్ బ్యాడ్జీలో ఉన్నది నిజాం తలపాగా, చిరుత కాదు. రెండూ కలిపేయకండి.

రెక్కలరాజు72

థాంక్సండీ. షీట్‌లో రెక్కలకి తెల్ల పట్టీలూ ఉన్నాయి. అవీ డెకాలేనా?

డెకాల్‌డబ్బా

వద్దు, పెయింటే. తెల్ల డెకాల్ కింద ముదురు ఆకుపచ్చ కనబడుతుంది, రెక్క ముందంచు దగ్గర ఒంపు తిరగక చీలుతుంది. కొత్త మోడలైతే కామోఫ్లాజ్‌కి ముందే తెలుపు కొట్టి, టేప్ వేసి, పైన రంగులు వేస్తాం. మీది అయిపోయింది కాబట్టి టేప్ మధ్య లేత బూడిద రంగు ఒక కోటు, దాని మీద తెలుపు మూడు పల్చటి కోట్లు. డెకాల్స్ మీద మాత్రం టేప్ అంటించకండి.

బర్మాఫ్రంట్

అసలు పట్టీలు కావాలో వద్దో ముందు మీరు చూసి కడుతున్న విమానం ఫొటో తేదీ చూడండి. అవి 1945 మొదట్లో వచ్చాయి. మీ ఫొటో 1944ది అయితే ఆ పనే లేదు.